క్రిస్మస్ రోజున ఏదో ఒకటి చెడుతుంది: అయినా పండగ నిలవాలంటే ఏం చేయాలి

క్రిస్మస్ పనుల్లో చాలావాటిని మనం ఏడాదికి ఒక్కసారే చేస్తాం. పదకొండు నెలలు అటక మీద పడి ఉన్న సీరియల్ సెట్టు వెలిగించాలి. పోయినేడు తర్వాత మళ్లీ ముట్టుకోని కేకు చేయాలి. రోజూ నలుగురికి వండే వంటింట్లో పన్నెండు మందికి వండాలి. అలవాటు లేని ఈ పనులన్నీ 24, 25 తేదీల్లోనే మీద పడతాయి కాబట్టి వాటిలో ఒకటో రెండో బెడిసికొట్టడం మామూలే. ఏదీ చెడిపోకూడదని పట్టుబట్టడం కన్నా, ఏది చెడినా పండగ ఆగకుండా ముందే ఏర్పాటు చేసుకోవడం మేలు.

కృతజ్ఞత సంగతీ అంతే. సమయం వచ్చినప్పుడు దానంతట అదే పొంగుతుందిలే అనుకుంటే, ఆ హడావిడిలో ముందుగా పొంగేది చిరాకు. అందుకని కృతజ్ఞతకు కూడా ఇంట్లో ఒక చోటు, ఒక వేళ, ఒక పద్ధతి పెట్టుకోవాలి.

1. ఏవి వదులుకోలేరో ముందు తేల్చుకోండి

నవంబరు చివర్లో ఇంట్లోవాళ్లను ఒక్కొక్కరినీ విడివిడిగా అడగండి: "ఏది లేకపోతే నీకు క్రిస్మస్ అనిపించదు?" అందరినీ కూర్చోబెట్టి అడిగితే పెద్దవాళ్లు అన్నదానికే పిల్లలు తలూపుతారు. విడిగా అడిగితే వచ్చే జవాబులు చాలాసార్లు ఆశ్చర్యపరుస్తాయి. వారం రోజులు మీరు చెమటోడ్చే పని ఎవరి జాబితాలోనూ ఉండదు. లైట్లన్నీ తీసేసి పాట పాడే ఆ ఐదు నిమిషాలు అందరి జాబితాలోనూ ఉంటాయి.

వచ్చిన జవాబుల్లోంచి మూడు, మహా అయితే నాలుగు ఎంచుకోండి. ఒక్కోదానికీ పూర్తి రూపం ఒకటి, కనీస రూపం ఒకటి కాగితం మీద రాసుకోండి. పూర్తి రూపం బంధువులందరితో రాత్రి భోజనం అయితే, కనీస రూపం ఇంట్లో ఉన్నవాళ్లు ఒకే బల్ల దగ్గర కొవ్వొత్తి వెలిగించుకుని ఏదో ఒకటి కలిసి తినడం. పూర్తి రూపం గుడిలో అర్ధరాత్రి ఆరాధన అయితే, కనీస రూపం ఇంట్లో లూకా సువార్త 2వ అధ్యాయంలో మొదటి 20 వచనాలు గట్టిగా చదువుకోవడం. నింపాదిగా చదివినా నాలుగైదు నిమిషాల్లో అయిపోతుంది.

కనీస రూపానికి ఒక పరీక్ష ఉంది. కరెంటు లేకుండా, గడప దాటకుండా, పావుగంటలో, ఒక్కరే ఏర్పాటు చేయగలగాలి. ఈ నాలుగింటిలో ఏ ఒక్కటి కుదరకపోయినా ఇంకా తగ్గించండి. జ్వరం వచ్చినా, ప్రయాణం ఆగిపోయినా, పొయ్యి పాడైనా అక్కరకొచ్చేది ఈ కాగితమే. ఫ్రిజ్ తలుపు మీద అంటించి పెట్టండి.

2. కృతజ్ఞతల డబ్బా

అందిన మేళ్లను చీటీల మీద రాసి వేసుకుని, డిసెంబరు 24 రాత్రి తెరిచి అందరూ కలిసి చదువుకునే డబ్బా ఇది. మూత ఉన్నది ఏదైనా సరే. చెట్టు కింద పెడితే ఎవరూ ముట్టుకోరు. అందరూ రోజూ ఆగే చోట, అంటే భోజనాల బల్ల మీదో ఫోన్ ఛార్జర్ పక్కనో పెట్టండి. పక్కన అరచేతిలో సగం ఉండే చీటీలు ఓ యాభై కత్తిరించి ఉంచండి. పెన్నును దారంతో డబ్బాకే కట్టేయండి. ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది కానీ, పెన్ను కోసం వెతకాల్సి వచ్చిన రోజునే రాయడం ఆగిపోతుంది.

చీటీలో మూడు ఉండాలి: తేదీ, ఎవరు, ఏం చేశారు. "నా కుటుంబానికి కృతజ్ఞతలు" అని రాసిన చీటీ 24 రాత్రి చదివినప్పుడు ఎవరినీ తాకదు. అలాంటివి నాలుగు వరసగా వస్తే పిల్లలు దిక్కులు చూస్తారు. "12వ తేదీ. నాకు దగ్గు వస్తోందని అక్క తన దుప్పటి కూడా నామీద కప్పింది" అని ఉంటే చదివే గొంతు మారుతుంది, అక్క ముఖమూ మారుతుంది. దేవునికి చెప్పే కృతజ్ఞత కూడా ఇలాగే నిర్దిష్టంగా ఉండాలి. ఏ రోజు, ఏ మేలు అన్నది రాయండి.

ఏదైనా చెడిపోయిన రోజున చీటీ తప్పకుండా రాయాలన్నది ఈ పద్ధతికి ప్రాణం. ఆ రాతలో రెండు వాక్యాలు ఉంటాయి, ఏం చెడింది, అప్పుడు ఎవరు ఏం చేశారు. "నీళ్ల పైపు పగిలింది. పక్కింటాయన తన పని ఆపుకుని వచ్చి వాల్వు కట్టేశాడు." నష్టాన్ని లాభంగా చూపించనక్కర్లేదు. పైపు పగలడం మంచిదేనని ఎవరూ ఒప్పుకోనక్కర్లేదు. ఆ ఇబ్బందిలో చేయి వేసిన మనిషి గుర్తుండిపోతే చాలు.

డబ్బా ఎందుకు మూలపడుతుందంటే కారణాలు రెండే. రోజూ అందరూ రాసి తీరాలని నియమం పెడితే మూడో రోజుకే అది హోంవర్క్ అయిపోతుంది. మనిషికి వారానికి రెండు చీటీలు చాలు. రెండో కారణం, పిల్లలు రాసినదాన్ని పెద్దవాళ్లు దిద్దడం. "ఈరోజు టీచర్ రాలేదు, కృతజ్ఞతలు" అని రాసినా అలాగే ఉంచండి. రాయడం రాని చిన్నవాళ్లు బొమ్మ వేసి ఇస్తే, వెనకాల మీరు తేదీ వేసి వాళ్లు చెప్పింది రాయండి.

3. ఆదివారాల కొవ్వొత్తులు

ఆగమనకాలం క్రిస్మస్‌కు ముందు వచ్చే నాలుగు ఆదివారాలతో లెక్క. మొదటి ఆదివారం ఎప్పుడూ నవంబరు 27కీ డిసెంబరు 3కీ మధ్యే పడుతుంది. వలయంలో కొవ్వొత్తులు పెట్టే ఆచారాన్ని 1839లో హాంబర్గ్‌లో యోహాన్ హిన్‌రిచ్ విచెర్న్ మొదలుపెట్టారు. తన సంరక్షణలో ఉన్న పిల్లలు పండగ ఎప్పుడొస్తుందని రోజూ అడుగుతుంటే, బండి చక్రం మీద ఆదివారాలకు పెద్ద కొవ్వొత్తులు, మిగతా రోజులకు చిన్నవి అమర్చారు. ఇప్పుడు ఇళ్లలో నాలుగే పెడుతున్నారు. చాలా చర్చిల్లో మూడు ఊదా రంగువి, మూడో ఆదివారానికి గులాబీ రంగుది ఒకటి.

ఇక్కడ వచ్చే చిక్కు అందరికీ ఒకటే. ఆదివారానికి ఒకటి చొప్పున కలుపుకుంటూ వెలిగిస్తాం. మొదటి కొవ్వొత్తి నాలుగు ఆదివారాలూ వెలుగుతుంది కాబట్టి, మూడో వారానికే మొదలంటా కరిగిపోతుంది. ప్రతిసారీ 20 నిమిషాలకు మించి వెలిగించకండి. అది కనీసం 2.5 సెంటీమీటర్ల లావు, 15 సెంటీమీటర్ల పొడవు ఉండేది తీసుకోండి. వత్తిని ప్రతిసారీ 6 మిల్లీమీటర్లకు కత్తిరిస్తే పొగ, మసి తగ్గుతాయి. వలయంలో ఎండు కొమ్మలు వాడితే మంటకూ ఆకుకూ మధ్య వెడల్పాటి లోహపు పళ్లెం ఉండాలి. రెండో వారానికి పచ్చి కొమ్మలు కూడా ఎండిపోతాయి, అవీ అంటుకుంటాయి.

బల్లగుడ్డ మీద మైనం పడితే వేడిగా ఉన్నప్పుడు తుడవకండి, ఇంకా లోపలికి దిగుతుంది. ఐస్ ముక్క పెట్టి గట్టిపడ్డాక మొద్దు కత్తితో గీకేయండి. మిగిలిన మరక కింద ఒకటి, పైన ఒకటి మామూలు తెల్ల కాగితం పెట్టి తక్కువ వేడి మీద ఇస్త్రీ పెట్టె ఆనించండి. మైనం కాగితంలోకి ఎక్కేస్తుంది. కాగితం మారుస్తూ రెండు మూడుసార్లు చేయండి. అచ్చు కాగితం మాత్రం వద్దు, సిరా గుడ్డకు అంటుకుంటుంది.

కొవ్వొత్తి వెలిగే ఆ 20 నిమిషాల్లో ఆ వారం చీటీల్లోంచి ఒక్కటే తీసి చదవండి. మిగతావి 24కి ఉంచండి.

4. కేకు: కొలతలు, తప్పులు, తప్పిన కేకును నిలబెట్టడం

20 సెంటీమీటర్ల గుండ్రటి గిన్నెకు ఇవి కావాలి: కిస్మిస్, చెర్రీ, నారింజ తొక్కు ముక్కలు అన్నీ కలిపి 500 గ్రాములు, నారింజ రసం 150 మిల్లీలీటర్లు, వెన్న 200 గ్రాములు, బ్రౌన్ షుగర్ 200 గ్రాములు, గుడ్లు 4, మైదా 225 గ్రాములు, బాదం పొడి 50 గ్రాములు, బేకింగ్ పౌడర్ అర టీస్పూను, దాల్చినచెక్క, జాజికాయ, లవంగం పొడులు కలిపి ఒకటిన్నర టీస్పూను, చిటికెడు ఉప్పు.

ముందు రోజు రాత్రి పండ్ల ముక్కల్ని రసంలో వేసి సన్న సెగ మీద ఐదు నిమిషాలు ఉడికించి మూతపెట్టండి. తెల్లారేసరికి రసమంతా పీల్చుకుంటాయి. రసంలో రోజుల తరబడి బయట నానబెడితే పులుస్తాయి. వారాలపాటు నానబెట్టే పద్ధతి రమ్ము, బ్రాందీ లాంటివాటికే సరిపోతుంది.

గుడ్లు, వెన్న గంట ముందే బయట పెట్టండి. గిన్నెకు లోపల బటర్ పేపరు రెండు పొరలు వేసి, అంచు కన్నా మూడు వేళ్లు పైకి ఉండేలా చూడండి. వెన్న, చక్కెర రంగు తేలేదాకా గిలక్కొట్టి, గుడ్లు ఒక్కొక్కటే కలపండి. మిశ్రమం విరిగినట్టు కనిపిస్తే గుడ్లు చల్లగా ఉన్నాయన్నమాట. ఒక చెంచా మైదా వేస్తే సర్దుకుంటుంది. పండ్లలో రసం ఇంకా మిగిలి ఉంటే వడకట్టి, రెండు చెంచాల మైదా అద్దండి. తడి పండ్లు పిండిలో అడుగుకు జారిపోతాయి. పొడులన్నీ కలిపి జల్లించి వేసి, పిండి కనిపించకుండా పోగానే కలపడం ఆపేయండి, చివర్లో పండ్లు వేయండి.

ఒవెన్‌ను ముందుగా వేడి చేసుకుని 150 డిగ్రీల సెల్సియస్ దగ్గర 2 నుంచి రెండుంపావు గంటలు ఉంచాలి. మొదటి గంటన్నర తలుపు తీయకండి. పైభాగం రంగు తిరుగుతోందని గాజులోంచి కనిపిస్తే మాత్రం గంట దాటాక ఒక్కసారి తెరిచి పైన ఫాయిల్ కప్పండి. పుల్ల గుచ్చితే పచ్చి పిండి అంటకుండా రావాలి. కిస్మిస్ తడి అంటితే పర్వాలేదు, అది పిండి కాదు. ఇళ్లలోని ఒవెన్లు చాలావరకు డయల్ మీద చూపే వేడికి కాస్త ఎక్కువో తక్కువో ఉంటాయి. అందుకే గడియారం కన్నా పుల్లనే నమ్మండి.

మధ్యలో కుంగిందంటే తలుపు తొందరగా తీశారు, లేదా బేకింగ్ పౌడర్ ఎక్కువైంది, లేదా లోపల ఉడకలేదు. నడిబొడ్డున బుగ్గలా లేచి పగిలితే వేడి ఎక్కువైంది. బేకింగ్ మధ్యలో కరెంటు పోతే తలుపు ముట్టుకోకండి. లోపలి వేడి కొంతసేపు నిలుస్తుంది. కరెంటు వచ్చాక ఆగినంతసేపటికి ఇంకో పావుగంట కలిపి చూడండి. బరువైన కేకు కాబట్టి స్పాంజి కేకులా అంత తేలిగ్గా పాడవదు.

చెడిన కేకును పారేయకండి. పైభాగం మాడితే చల్లారాక రంపపు కత్తితో పలచగా కోసేసి, తిరగేసి అడుగుభాగాన్ని పైకి పెట్టండి. మధ్య కుంగితే ఆ మధ్యముక్కను గ్లాసుతో అదిమి తీసేస్తే వలయం ఆకారం మిగులుతుంది. ఖాళీలో పండ్లు నింపండి. లోపల పచ్చిగా ఉందని వేడి మీద ఉండగానే తెలిస్తే ఫాయిల్ కప్పి 140 డిగ్రీల దగ్గర మరో 25 నిమిషాలు పెట్టండి. పూర్తిగా చల్లారాక తెలిస్తే ముక్కలు కోసి, పళ్లెంలో పరిచి 150 డిగ్రీల దగ్గర పావుగంట కాల్చండి. పొడిపొడిగా రాలిపోతే గ్లాసుల్లో ఒక వరస కేకు, ఒక వరస కస్టర్డు పోసి చల్లబెట్టి వడ్డించండి. ఎండిపోతే పుల్లతో పైనంతా గుచ్చి మూడు చెంచాల నారింజ రసం వేడిగా పోయండి.

గిన్నెలోనే పూర్తిగా చల్లారనిచ్చి, బటర్ పేపరు చుట్టి, ఆపైన ఫాయిల్ చుట్టండి. గోరువెచ్చగా ఉండగా చుడితే లోపల ఆవిరి పట్టి బూజు వస్తుంది. వాతావరణం వేడిగా ఉంటే ఫ్రిజ్‌లో పెట్టడమే క్షేమం.

5. చెట్టు, దీపాలు

నరికి తెచ్చిన చెట్టయితే మొదలు 1 నుంచి 2 సెంటీమీటర్లు మళ్లీ అడ్డంగా కోసి వెంటనే నీళ్లలో నిలబెట్టండి. కోసిన చోట గంటల్లోనే జిగురు కట్టి నీళ్లు పీల్చడం తగ్గిపోతుంది. మొదలు 10 సెంటీమీటర్ల అడ్డకొలత ఉంటే స్టాండులో 4 లీటర్ల దాకా పట్టాలి. మొదటి రోజే అన్నిటికన్నా ఎక్కువ తాగుతుంది. నీటిమట్టం కోసిన చోటు కన్నా కిందికి పోనివ్వకూడదు. చక్కెర, మందులు ఏవీ కలపక్కర్లేదు. పొయ్యికీ హీటరుకూ కనీసం ఒక మీటరు దూరం ఉండాలి.

చెట్టు పడిపోవడం చిన్నపిల్లలు, పిల్లులు ఉన్న ఇళ్లలో మామూలే. మూడింట రెండొంతుల ఎత్తులో కాండానికి చేపల గాలపు దారం కట్టి గోడ మేకుకు బిగించండి. దూరానికి కనిపించదు, బరువు ఆపుతుంది. నేల నుంచి మీటరు లోపు గాజు అలంకారాలు వేలాడదీయకండి. అక్కడ గుడ్డ, చెక్క, కాగితం వస్తువులు చాలు.

సీరియల్ సెట్టును చెట్టుకు చుట్టకముందే నేల మీద పరిచి పావుగంట వెలిగించి చూడండి. పాత ఫిలమెంటు బల్బుల సెట్టులో ఒక వరస మొత్తం ఆరిపోతే చాలామంది బల్బు మాడిందనుకుంటారు. ఆ చిన్న బల్బుల్లో ఫిలమెంటు కింద సన్నని తీగ చుట్టి ఉంటుంది. ఫిలమెంటు తెగినా ఆ తీగ కరెంటును ముందుకు పంపిస్తుంది, మిగతావి వెలుగుతూనే ఉంటాయి. కాబట్టి వరసంతా ఆరిందంటే ఎక్కడో బల్బు వదులైంది, లేదా దాని కాళ్లు వంగి సాకెట్‌ను తాకడం లేదు. ప్లగ్గు తీసేసి, ఒక్కో బల్బును వేలితో నొక్కుకుంటూ వెళ్లండి. మాడిన బల్బుల్ని అలాగే వదిలేస్తే వాటి వాటా ఓల్టేజి మిగిలినవాటి మీద పడి అవీ త్వరగా పోతాయి. అందుకే ఒకటి పోగానే అదే ఓల్టేజిది మార్చండి. సెట్టు మొత్తం వెలగకపోతే, ప్లగ్గులో ఫ్యూజు ఉండే రకమైతే ముందు దాన్ని చూడండి.

తీగ పైతొడుగు చిట్లితే దాన్ని టేపు చుట్టి వాడొద్దు, పక్కన పెట్టేయండి. కాగితం నక్షత్రంలో ఎల్‌ఈడీ బల్బే పెట్టాలి, ఫిలమెంటు బల్బు వేడికి కాగితం కమిలిపోతుంది. ఇంట్లో వాడే సెట్టును వానా మంచూ పడే చోట కట్టకండి. పడుకునే ముందు అన్నీ ఆపేయండి.

6. పశువుల పాక

1223లో ఇటలీలోని గ్రెచ్చోలో అస్సీసీ ఊరి సన్యాసి ఫ్రాన్సిస్ గడ్డి నింపిన తొట్టి, నిజమైన ఎద్దు, గాడిదలతో, యేసు పుట్టిన బేత్లెహేము పాకను జనానికి చూపించారు. ఆనాటి నుంచే పాక అమర్చే ఆచారం వ్యాపించింది. చాలా ఇళ్లలో బాలయేసు బొమ్మను 24 రాత్రి దాకా తొట్టిలో పెట్టరు. సరిగ్గా అందుకే ఆ ఒక్క బొమ్మే కనిపించకుండా పోతుంది. పాక అమర్చిన రోజే దాన్ని కవరులో పెట్టి, పైన పేరు రాసి, పాక అడుగునే టేపుతో అంటించండి. అప్పటికీ దొరక్కపోతే చిన్న దీపం వెలుగులో ఖాళీ తొట్టి ముందు లూకా సువార్తలోని ఆ 20 వచనాలు చదవండి. తెల్ల గుడ్డముక్కను చుట్టి పెట్టినా పిల్లలకు అది బాలయేసే.

విరిగిన బొమ్మను తెల్ల ఫెవికాల్ రాసి రబ్బరు బ్యాండుతో బిగించి 24 గంటలు కదపకండి. ముక్క రాలిపోయి గుంట పడితే అదే జిగురులో సుద్దపొడి ముద్దలా కలిపి నింపి, ఆరాక రంగు వేయండి. బాలయేసును చూడవచ్చిన జ్ఞానుల బొమ్మల్ని గదికి అవతలి మూల పెట్టి, వాళ్ల రాకను గుర్తుచేసుకునే జనవరి 6 దాకా రోజుకు కాస్త జరుపుకుంటూ తెస్తే పిల్లలకు పండగ 25తో ఆగిపోదు.

7. వంట, కరెంటు

గడ్డకట్టిన కోడిని ఫ్రిజ్‌లోనే కరిగించాలి. సుమారు రెండు కిలోలకు ఒక రోజు పడుతుంది, ఐదు కిలోల టర్కీకి రెండు రోజులకు పైనే. మర్చిపోతే గాలి చొరని కవరులో కట్టి చల్లటి నీళ్లలో ముంచండి. అరకిలోకు అరగంట లెక్క, ప్రతి అరగంటకూ నీళ్లు మార్చాలి. బల్ల మీద వదిలేయడం ప్రమాదం. లోపల గడ్డగానే ఉన్నా పైభాగం సూక్ష్మక్రిములు పెరిగే వేడికి వచ్చేస్తుంది. తొడ మందంగా ఉన్న చోట 74 డిగ్రీల సెల్సియస్ చూపిస్తేనే ఉడికినట్టు. మిగిలినవన్నీ రెండు గంటల్లోపు ఫ్రిజ్‌లోకి చేరాలి, మూడు నాలుగు రోజుల్లో తినేయాలి.

కరెంటు పోతే ఫ్రిజ్ తలుపు తీయకపోతే నాలుగు గంటలు చల్లదనం ఆగుతుంది. నిండుగా ఉన్న ఫ్రీజరు 48 గంటలు, సగం ఉన్నది 24 గంటలు. పోయిన సమయాన్ని కాగితం మీద రాసి తలుపుకు అంటించండి, లేకపోతే అందరూ తలో మాట చెబుతారు.

8. చెడిన తర్వాత మొదటి పది నిమిషాలు

ముందు ప్రమాదం ఆపండి. నూనె అంటుకుంటే పొయ్యి ఆపి మూత పెట్టండి, నీళ్లు పోయొద్దు. చర్మం కాలితే 20 నిమిషాలు చల్లటి పంపు నీళ్ల కింద ఉంచండి. ఐసు, పేస్టు, వెన్న రాయకూడదు. బొబ్బ పెద్దదైనా, ముఖానికో చేతికో అయినా, చిన్నపిల్లలైనా డాక్టరుకు చూపించాలి. గాజు పగిలితే పిల్లల్ని అవతలికి పంపి, చెప్పులు వేసుకుని, పెద్ద ముక్కలు అట్టతో ఎత్తాక సన్నపొడిని తడి కాగితంతో అద్ది తీయండి.

తర్వాత ఒకరు జరిగిందాన్ని ఒక్క వాక్యంలో చెప్పాలి: "కేకు మాడింది." ఎవరి వల్ల అన్నది ఆ రోజు అడగకూడదు. ఇది ముందే అందరూ ఒప్పుకున్న నియమమై ఉండాలి, ఎందుకంటే కోపం వచ్చాక కొత్త నియమం పెట్టడం కుదరదు. తప్పు చేసినవాళ్లకు ఆ సంగతి అప్పటికే తెలుసు. అందరి ముందూ మళ్లీ అనిపించుకుంటే వాళ్ల పండగ అక్కడితో అయిపోతుంది. ఆ తర్వాత ఫ్రిజ్ మీది కాగితం చూసి కనీస రూపానికి దిగండి. పూర్తి రూపాన్ని ఎలాగోలా గెంటుకురావాలని రెండు గంటలు పోరాడితే అలసట తప్ప ఏమీ మిగలదు.

ఏడవాలనిపించినవాళ్లను ఏడవనివ్వండి. "పోనీలే, ఉన్నదానికి సంతోషించు" అన్న మాట అప్పుడే అనకండి. నొప్పి మీద మూతలా పెట్టిన కృతజ్ఞత నిలబడదు. చీటీ రాత్రికి రాసుకోవచ్చు.

ఆ ఏడాది ఇంట్లో మనిషి పోయి ఉంటే మరింత జాగ్రత్త కావాలి. వారం ముందే ఇంట్లోవాళ్లను అడగండి: ఆయన కుర్చీ ఖాళీగా ఉంచుదామా, ఎవరైనా కూర్చుందామా? పాట మొదలుపెట్టేది ఆయనే అయితే ఈసారి ఎవరు మొదలుపెట్టాలి? అప్పటికప్పుడు తేల్చుకోవాల్సి వస్తే గదంతా మూగబోతుంది. ఆయన పేరు ఎవరూ ఎత్తకపోవడమే అన్నిటికన్నా బరువు. భోజనానికి ముందు ఒకరు ఆయన పేరు చెప్పి, ఆయన చేసిన ఒక పని చెబితే మిగతావాళ్లకు మాట కలుస్తుంది. మధ్యలో లేచి వెళ్లిపోవాలనిపించినవాళ్లు కారణం చెప్పకుండా వెళ్లవచ్చని ముందే చెప్పి ఉంచండి.

9. డబ్బా తెరవడం

24 రాత్రి భోజనమయ్యాక, కానుకలు విప్పక ముందే తెరవండి. కానుకల తర్వాతైతే పిల్లలు వినరు. చీటీలు కలిపి, ఎవరు రాసింది వాళ్లు కాకుండా పక్కవాళ్లు చదవాలి. ముప్పై దాటితే 15 చాలు, మిగతావి 25 పొద్దున చదవండి. ఇంట్లో లేని మనిషికి సంబంధించిన చీటీ వస్తే ఫోటో తీసి అప్పుడే పంపండి. పైపు కట్టేసిన పక్కింటాయనకు కేకు ముక్కతో పాటు ఆ చీటీ కూడా ఇవ్వండి. ముక్క ఎవరైనా ఇస్తారు, ఆ రెండు వాక్యాలు మీరొక్కరే ఇవ్వగలరు.

10. కానుకలు, జవాబులు

పార్సిలు రాకపోతే ఖాళీ పెట్టెలో ఆ వస్తువు బొమ్మ గీసి, "దారిలో ఉంది" అని రాసి పెట్టండి. విప్పే ఆనందం మిగులుతుంది. కానుకలు విప్పేటప్పుడు ఒకరు పక్కన కూర్చుని ఎవరు ఏమిచ్చారో రాయాలి. చింపిన కాగితాలతో పాటు పేర్ల చీటీలూ చెత్తలోకి పోతాయి.

కృతజ్ఞత చెప్పే ఉత్తరానికి నాలుగు వాక్యాలు చాలు: వస్తువు పేరు, దాన్ని ఎలా వాడారు లేదా వాడబోతున్నారు, ఇచ్చిన మనిషి గురించి ఒక మాట, మళ్లీ ఎప్పుడు కలుద్దాం. నచ్చని కానుకకు అబద్ధం రాయకండి. వాళ్లు వెతికి తెచ్చిన శ్రమకు, మిమ్మల్ని తలచుకున్నందుకు రాస్తే అది నిజమే అవుతుంది. సైజు సరిపోకపోతే ఉత్తరంలో రాయకుండా విడిగా ఫోన్‌లో చెప్పండి.

రెండు వారాల్లో రాస్తే మంచిది. ఆలస్యమైతే సంజాయిషీలతో ఉత్తరం నింపకండి, ఒక్క మాటతో సరిపెట్టి అసలు విషయానికి రండి. జవాబులు పేరుకుపోవడం కొత్త సమస్యేమీ కాదు. లండన్‌లో ప్రభుత్వ ఉద్యోగి హెన్రీ కోల్‌కు అందరికీ విడివిడిగా ఉత్తరాలు రాసే తీరిక లేక, 1843లో చిత్రకారుడు జాన్ కాల్‌కాట్ హార్స్‌లీ చేత బొమ్మ వేయించి అచ్చు వేయించారు. మొదటి క్రిస్మస్ కార్డుగా పేరుపొందింది అదే.

11. సర్దేటప్పుడు

జనవరి 6 తర్వాత సీరియల్ సెట్టును అట్టముక్కకు చుట్టి, చివర ప్లగ్గు బయటికి ఉంచండి. వచ్చే ఏడు విప్పకముందే వెలుగుతుందో లేదో ఒక్కసారి చూసుకోవచ్చు. పోయిన బల్బుల ఓల్టేజి, ఎన్ని కావాలో అట్ట మీదే రాయండి. అలంకారాలు తడి లేకుండా తుడిచి, డబ్బాలో తేమ పీల్చే సిలికా జెల్ పొట్లాలు రెండు వేయండి. కొవ్వొత్తులు అటక మీద వేడికి వంగిపోతాయి కాబట్టి కింది అరలో పడుకోబెట్టండి. ఏ కొలత తప్పింది, ఎంత మిగిలింది, ఏ పని ఎవరికి భారమైంది అన్నవి ఒక పేజీలో రాసి, కృతజ్ఞతల చీటీలున్న కవరుతో పాటు పెట్టె మూత లోపలి వైపు అంటించండి. అడుగున పెడితే అలంకారాలన్నీ కట్టేశాక గానీ కనిపించవు, అప్పటికి ఆ పేజీతో పని ఉండదు.